లెక్క చేసింది ఫోను, మార్కు ఎవరిది?

పదో తరగతి గణితంలో వర్గ సమీకరణాలని ఒక పాఠం ఉంటుంది. అందులోంచి ఒక చిన్న లెక్క చెబుతాను. కాగితమూ పెన్నూ దగ్గరుంటే రాసుకోండి. 2 ఎక్స్ స్క్వేర్, ప్లస్ ఎక్స్, మైనస్ 6, ఈజ్ ఈక్వల్ టు సున్నా. ఎక్స్ విలువ ఎంత?

బడిలో నేర్పే పద్ధతిలో ముందు మొదటి 2నూ చివరి మైనస్ 6నూ గుణించాలి. మైనస్ 12 వస్తుంది. ఇప్పుడు గుణిస్తే మైనస్ 12, కూడితే 1 వచ్చే రెండు సంఖ్యలు కావాలి. పిల్లవాడు ముందుగా 6, మైనస్ 2 అనుకుంటాడు. కూడితే 4 వచ్చింది. కుదరలేదు. పోనీ 12, మైనస్ 1 అనుకుంటాడు. కూడితే 11. ఇంకా దూరం పోయింది. 4, మైనస్ 3 పెట్టి చూస్తాడు. కూడితే 1. దొరికింది! అక్కణ్నుంచి రెండు మెట్లు దిగితే ఎక్స్ అంటే ఒకటిన్నర లేదా మైనస్ 2 అని తేలిపోతుంది.

ఈ వెతుకులాటకు రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ కాసేపట్లో పిల్లవాడు రెండు తప్పు జంటలను పట్టుకుని వదిలేశాడు. చదువు జరిగింది సరిగ్గా అక్కడే. సంఖ్యలు దగ్గరైతే మొత్తం తగ్గుతుందనీ, దూరమైతే పెరుగుతుందనీ ఎవరూ చెప్పకుండానే వాడికి అర్థమైంది. రేపు ఇంకో లెక్క ఎదురైతే ఆ తెలివిడి పనికొస్తుంది.

ఇదే లెక్క మీద ఫోన్ కెమెరా పెట్టామనుకోండి. ఫొటోమ్యాత్ లాంటి యాప్ 2014లోనే వచ్చింది. అచ్చు అక్షరాలనే కాదు, చేతిరాతనూ చదువుతుంది. జవాబుతో పాటు మెట్లన్నీ వరసగా చూపిస్తుంది. ఉన్నదున్నట్టు నోట్‌బుక్‌లోకి ఎక్కించుకుంటే మర్నాడు టీచరు చూస్తారు, పద్ధతి సక్రమంగా ఉంది కాబట్టి రైట్ కొట్టి సంతకం పెడతారు. ఆ నోట్‌బుక్‌లో లోపం ఏమీ కనిపించదు. కానీ 6, మైనస్ 2 అనే తప్పు జంట ఆ పిల్లవాడి తలలోకి ఒక్కసారి కూడా రాలేదు.

టెక్నాలజీ వల్ల కాపీ సులువైపోయిందని మనం అనుకునేటప్పుడు పరీక్ష హాలు గుర్తొస్తుంది, చెవిలో దాచిన పరికరాలు గుర్తొస్తాయి. వాటి గురించీ చెబుతాను. అయితే నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఈ నోట్‌బుక్కే.

కాపీ కొట్టడం మనకేమీ కొత్త కాదు. చొక్కా మడతల్లో చిట్టీలు, అట్ట వెనకాల పెన్సిలుతో రాసిన సూత్రాలు, గైడు పేజీలను బొటనవేలంత సైజుకి కుదించి అమ్మే మైక్రో జెరాక్సులు ఒక తరం మొత్తానికీ తెలిసినవే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే పబ్లిక్ పరీక్షల్లో అక్రమాలను అరికట్టడానికి ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. అయితే చిట్టీ రాసుకోవడానికైనా కొంత పనుండేది. ఏ ప్రశ్న వస్తుందో అంచనా వేయాలి, జవాబును కుదించాలి, చిన్న అక్షరాల్లో రాసుకోవాలి. రాసేసరికి సగం నోటికి వచ్చేసేది కూడా. ఆ శ్రమా, స్క్వాడ్ వస్తుందన్న భయమూ కలిసి చాలామందిని అడ్డుకునేవి.

ఫోన్ వచ్చాక శ్రమ పోయింది. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పరీక్షలు మొదలైన కాసేపటికే ప్రశ్నపత్రం ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. కేసులు పెట్టారు, కొందరు ఉపాధ్యాయులు అరెస్టయ్యారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 3న తెలంగాణలోని వికారాబాద్ జిల్లా తాండూరులో అదే జరిగింది. పరీక్ష మొదలైన నిమిషాల్లోనే తెలుగు పేపర్ ఫొటో వాట్సాప్‌లోకి వెళ్లింది. తీసినవాడు ఉపాధ్యాయుడే. ఆ మర్నాడు హిందీ పరీక్షనాడు హనుమకొండ జిల్లాలో ఒక కుర్రాడు కిటికీ దాకా ఎక్కి, లోపల కూర్చున్న విద్యార్థి చేతిలోని ప్రశ్నపత్రాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుపోయాడు. లోపల ఉన్న పిల్లవాణ్ని డిబార్ చేశారు. తరవాత హైకోర్టు జోక్యంతో మిగిలిన పరీక్షలు రాయగలిగాడు. ఒక్క ఫొటో తీయడానికి రెండు సెకన్లు చాలు. దానికి పదిహేనేళ్ల పిల్లవాడు కోర్టు గుమ్మం దాకా పోవాల్సి వచ్చింది. లీకేజీ వార్తల్లో రాజకీయాల రగడే ఎక్కువగా వినిపిస్తుంది కానీ, నాకు ఆ పిల్లవాడి విషయమే మనసులో నిలిచిపోయింది.

పెద్దల పరీక్షల్లో పరికరాలు ఇంకా చిన్నవైపోయాయి. 2017 అక్టోబరులో చెన్నైలో సివిల్ సర్వీసెస్ మెయిన్స్ రాస్తూ ఒక ప్రొబేషనరీ ఐపీఎస్ అధికారి పట్టుబడ్డారు. ప్రశ్నపత్రం బొమ్మలు ఫోన్ ద్వారా హైదరాబాద్ చేరుతుంటే, అక్కడినుంచి ఆయన భార్య బ్లూటూత్‌లో జవాబులు చదువుతున్నారని పోలీసులు తేల్చారు. 2021 సెప్టెంబరులో రాజస్థాన్‌లో ఉపాధ్యాయ అర్హత పరీక్ష జరిగినప్పుడు, చెప్పుల అడుగున ఫోన్ పరికరం అమర్చి, కనీకనిపించని రిసీవర్‌ను చెవిలో పెట్టుకొచ్చిన అభ్యర్థులు బికనేర్‌లో దొరికారు. ఆ చెప్పుల జత లక్షల్లో అమ్ముడుపోయింది.

ఇక 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ జనానికి అందుబాటులోకి వచ్చింది. తరవాతి జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ కొన్ని ఉద్యోగ పరీక్షలు పెట్టింది. ఆ కమిషన్ ప్రశ్నపత్రాల లీకేజీ కేసును తవ్విన ప్రత్యేక దర్యాప్తు బృందం చెప్పినదాని ప్రకారం, పరీక్ష కేంద్రం నుంచి బయటికొచ్చిన ప్రశ్నలను చాట్‌జీపీటీని అడిగి, వచ్చిన జవాబులను లోపలున్న అభ్యర్థుల చెవుల్లోకి బ్లూటూత్‌తో పంపించారు. అంటే ఆ సాధనం పుట్టి మూడు నెలలు తిరక్కముందే మన దగ్గర పరీక్ష హాలు దాకా వచ్చేసింది. పూర్వం ఇలాంటి పనికి సబ్జెక్టు తెలిసిన మనిషి ఒకడు బయట కూర్చోవాలి. ఇప్పుడు ఆ మనిషి అవసరం కూడా లేకుండా పోయింది.

వీటిని ఆపడానికి దారులున్నాయి, వెతుకుతున్నారు కూడా. తరవాతి ఏళ్లలో మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రశ్నపత్రాల మీద క్యూఆర్ కోడ్ ముద్రిస్తున్నారు. ఫొటో బయటపడితే అది ఏ పేపరో, ఏ కేంద్రానిదో తెలిసిపోతుంది. 2025 జూన్‌లో చైనాలో జాతీయ ప్రవేశ పరీక్ష జరిగిన రోజుల్లో అక్కడి పెద్ద కంపెనీలు తమ కృత్రిమ మేధ యాప్‌లలో ఫొటో చూసి జవాబు చెప్పే సదుపాయాన్ని తాత్కాలికంగా నిలిపేశాయి. నీట్, యూజీసీ నెట్ వివాదాలతో దేశం అట్టుడికిన 2024 జూన్‌లో మన కేంద్ర ప్రభుత్వం కొత్త చట్టాన్ని అమల్లోకి తెచ్చింది. పేపర్ లీకు వంటి నేరాలకు 3 నుంచి 5 ఏళ్ల జైలు, ముఠా కట్టి చేస్తే 5 నుంచి 10 ఏళ్లు, కనీసం కోటి రూపాయల జరిమానా అందులో ఉన్నాయి. ఆ చట్టం పరీక్ష రాసే అభ్యర్థిని మాత్రం నేరస్థుడిగా చూడదు. అతని సంగతి పరీక్ష పెట్టే సంస్థ నిబంధనలకే వదిలింది. నా దృష్టిలో అది సరైన పని. అమ్మేవాడినీ అమాయకంగా కొనేవాడినీ ఒకే గాటన కట్టకూడదు.

పరీక్ష హాలుకి నాలుగు గోడలున్నాయి. గుమ్మం దగ్గర తనిఖీ చేయవచ్చు, జామర్లు పెట్టవచ్చు. హోంవర్కుకి గోడలేవి? అసైన్‌మెంట్‌కి, ల్యాబ్ రికార్డుకి, ప్రాజెక్టుకి ఏ స్క్వాడ్ వస్తుంది?

ఇంజినీరింగ్, డిగ్రీ చదివినవాళ్లు చాలామంది ల్యాబ్ రికార్డు ఎలా రాశారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. సీనియర్ రికార్డు ముందు పెట్టుకుని, ప్రయోగం చేయకముందే రీడింగులు ఎక్కించేవాళ్లు. డబ్బులిచ్చి రాయించుకునేవాళ్లూ ఉన్నారు. చివరి ఏడాది ప్రాజెక్టులకు హైదరాబాద్ అమీర్‌పేటలో ఒక బజారే వెలిసింది. టాపిక్, కోడ్, రిపోర్టు, పీపీటీ అన్నీ ప్యాకేజీగా దొరుకుతాయని గోడల మీద బాహాటంగా పోస్టర్లుంటాయి. ఇది యాజమాన్యాలకు తెలుసు, అధ్యాపకులకు తెలుసు, ఫీజుతో పాటు ప్రాజెక్టు డబ్బులు కూడా పంపే తల్లిదండ్రులకూ తెలుసు. దాన్ని కాపీ అని ఎవరమూ అనలేదు. సబ్మిషన్ అన్నాం. తేదీలోగా ఇచ్చేస్తే చాలన్నాం. అలా ఎన్నో ఏళ్లుగా పిల్లలకు మనమే ఒక సంగతి నేర్పించాం, కాగితం ముఖ్యం, అందులో ఏముందన్నది ఎవరూ అడగరు అని. చాట్‌జీపీటీ, జెమినై వచ్చి ఆ కాగితాన్ని నిమిషంలో, పైసా ఖర్చు లేకుండా ఇస్తున్నాయి. అమీర్‌పేట ప్యాకేజీకి డబ్బులు లేని పిల్లలకు కూడా ఇప్పుడది అందుతోంది. అందుకే ఈ తప్పంతా యంత్రం మీద వేసి చేతులు దులుపుకోవడానికి నాకు మనసొప్పదు.

ప్రాజెక్టు వైవాలకు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్లే అధ్యాపకుణ్ని నేను. అక్కడ చూసినదొకటి చెబుతాను.

తరగతి గదిలో ముఖాలు గుర్తుపట్టి హాజరు వేసే సాఫ్ట్‌వేర్ ఒక ప్రాజెక్టు. ఇప్పుడు ప్రతి కాలేజీలోనూ కనబడుతుంది. ఒక అబ్బాయి వచ్చాడు. స్లైడ్లు అద్దంలా ఉన్నాయి, రిపోర్టులో ఇంగ్లిష్ ఒక్క తప్పు లేదు. కోడ్ తెరవమని అడిగాను. అందులో ఒక చోట 0.6 అనే అంకె ఉంది. కెమెరాలో కనబడిన ముఖానికీ, దాచిపెట్టిన ఫొటోకీ మధ్య తేడా ఆ అంకె లోపల ఉంటే ఇద్దరూ ఒకరేనని ప్రోగ్రామ్ నమ్ముతుంది. “దీన్ని 0.4 చేస్తే ఏమవుతుంది బాబూ?” అని అడిగాను. అబ్బాయి స్క్రీన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. “కోడ్‌లో అలాగే ఉంది సార్” అన్నాడు. అంతకుమించి చెప్పలేకపోయాడు.

ఆ వెనకే అదే రకం ప్రాజెక్టుతో ఒక అమ్మాయి వచ్చింది. రిపోర్టులో అచ్చుతప్పులున్నాయి, డెమో మధ్యలో ఒకసారి ఆగిపోయింది కూడా. అదే ప్రశ్న అడిగాను. “తగ్గిస్తే పోలిక కఠినమైపోతుంది సార్. ఒకరి హాజరు ఇంకొకరికి పడదు. కానీ క్లాసులో ఉన్నవాళ్లనే గుర్తుపట్టడం మానేస్తుంది. మా హాస్టల్ పిల్లలతో చూశాం. కళ్లద్దాలు తీసేసినవాళ్లని అస్సలు పట్టుకోలేదు, అందుకని మళ్లీ పెంచాం” అని గడగడా చెప్పింది. చాట్‌జీపీటీ వాడావా అమ్మా అని అడిగితే దాచలేదు. ఎర్రర్లు వచ్చినప్పుడు అడిగానని ఒప్పుకుంది. అది ఇచ్చిన జవాబుల్లో ఏది పనిచేయలేదో కూడా చెప్పింది.

ఇద్దరూ ఒకే సాధనాన్ని వాడి ఉంటారు. ఆ అమ్మాయి చేసినదాన్ని నేను కాపీ అనను. ఆమె దానితో వాదించింది, అది చెప్పినదాన్ని హాస్టల్ గదిలో పరీక్షించింది. అబ్బాయి మీద కూడా నాకు కోపం రాలేదు. నాలుగేళ్లలో ఒక్కరైనా అతణ్ని కూర్చోబెట్టి “ఇది ఎందుకిలా ఉంది?” అని అడిగి ఉంటే, ఆ వైవా అలా జరిగేది కాదు. కాగితం మీద మాత్రమే మార్కులు వేస్తే అతనికే ఎక్కువ వచ్చేవి. నాకు బాధ కలిగించింది ఇదే. ఫోన్ కొనే స్తోమత లేకనో, తనంతట తానే చేయాలన్న పట్టుదలతోనో కష్టపడి రాసినవాళ్ల కాగితం వంకరటింకరగా ఉంటుంది. యంత్రంతో రాయించుకున్నవాళ్ల కాగితం నున్నగా ఉంటుంది. మన మూల్యాంకనం నున్నదనానికి మార్కులు వేస్తోంది.

యంత్రం రాసిందో మనిషి రాశాడో చెప్పే సాఫ్ట్‌వేర్ ఉంది కదా అని అడిగేవాళ్లుంటారు. ఈ విషయంలో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అమెరికాలో, ఆస్ట్రేలియాలో చదువుకుంటున్న మన పిల్లలకు దీనితో నేరుగా సంబంధముంది.

మన యూజీసీ 2018లో పెట్టిన నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రచనతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఆ పోలిక చూసే సాఫ్ట్‌వేర్ చేసే పని, ఈ వాక్యం ఇంతకుముందు ఎక్కడైనా ఉందా అని వెతకడం. కృత్రిమ మేధ ఎప్పటికప్పుడు కొత్త వాక్యం అల్లుతుంది. కాబట్టి పాత వలకు అది చిక్కదు. అందుకని డిటెక్టర్లనే కొత్త రకం సాధనాలు పుట్టాయి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే 2023 జనవరిలో ఒకటి విడుదల చేసింది. యంత్రం రాసిన పాఠాల్లో 26 శాతాన్నే అది పట్టుకోగలిగిందని ఆ సంస్థే చెప్పుకుంది. ఖచ్చితత్వం లేదని అదే ఏడాది జూలైలో దాన్ని ఆపేసింది.

పట్టుకోలేకపోవడం ఒక ఎత్తు. తప్పు చేయనివాళ్లని పట్టుకోవడం ఇంకో ఎత్తు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లను పరీక్షించారు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ కోసం స్వయంగా రాసిన 91 వ్యాసాలను వాటికి ఇచ్చారు. సగటున 61 శాతం వ్యాసాలను అవి యంత్రం రాసినవిగా తేల్చాయి. అమెరికాలోని ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాల దగ్గర మాత్రం అంత పొరపాటు జరగలేదు. కారణం సులువుగానే అర్థమవుతుంది. తరవాత ఏ మాట వస్తుందో ఇట్టే ఊహించగలిగితే, ఆ వాక్యాన్ని ఇవి యంత్రానిదని అనుమానిస్తాయి. రెండో భాషలో జాగ్రత్తగా, తెలిసిన మాటలతోనే రాసేవాళ్ల వాక్యాలు సరిగ్గా అలాగే ఉంటాయి. తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లిష్‌ను కూడబలుక్కుని నేర్చుకుని, అప్పు చేసి విమానమెక్కిన కుర్రాడి వాక్యాలూ అలాగే ఉంటాయి.

2023–24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3 లక్షల 31 వేల పైచిలుకు. అందులో మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వాళ్లలో ఒకరి మీద అకడమిక్ మిస్‌కండక్ట్ ఆరోపణ వస్తే అది మార్కులతో పోదు. సస్పెండ్ చేస్తే వీసాకే ఎసరొస్తుంది. విదేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రులు ఈ ప్రసంగం వింటుంటే వాళ్లకు ఒక మాట చేరవేయండి. అసైన్‌మెంట్‌ను గూగుల్ డాక్స్ లాంటి చోట మొదటినుంచీ రాయమనండి. ఏ రోజు ఏ వాక్యం రాశారో, ఏది కొట్టేశారో ఆ చరిత్ర అందులో ఉండిపోతుంది. చిత్తుప్రతులు పారేయొద్దనండి. ప్రతి కోర్సు మొదట్లో ఇచ్చే సిలబస్‌లో కృత్రిమ మేధను ఎంతవరకు వాడనిస్తారో చాలాసార్లు రాసి ఉంటుంది. ఒక ప్రొఫెసర్ అనుమతించినదాన్ని పక్క గది ప్రొఫెసర్ నిషేధించవచ్చు. తెలియకపోతే ముందే మెయిల్ పెట్టి అడగాలి.

మళ్లీ మన ఊళ్లకు వద్దాం. యంత్రాన్ని యంత్రంతో పట్టుకోవాలనే పరుగులో గెలుపు మీద నాకు ఆశ లేదు. మాట మీద ఆశ ఉంది. ఇంట్లో తల్లిదండ్రులు నోట్‌బుక్‌లో రైట్ మార్కులు చూసి ఊరుకోకుండా, ఏదో ఒక లెక్క చూపించి “ఇది నాకు చెప్పు నాన్నా” అని అడగండి. మీకు గణితం రాకపోయినా ఫరవాలేదు. తనే చేసినదైతే వాడు చెప్పుకుపోతాడు, ఎక్కడ తప్పు పోయాడో కూడా చెబుతాడు. ఎక్కించుకున్నదైతే రెండో వాక్యం దగ్గరే నసుగుతాడు. అప్పుడు తిట్టకండి. ఫోన్ పక్కన పెట్టి మళ్లీ మొదటినుంచి చేయమనండి, మీరూ పక్కనే కూర్చోండి. బళ్లో టీచర్లకు యాభై నోట్‌బుక్కులు దిద్దే ఓపిక ఉండదని నాకు తెలుసు. అన్నీ దిద్దడం కంటే రోజుకి నలుగురిని బోర్డు దగ్గరికి పిలిచి, ఇంటి దగ్గర చేసినదాన్నే ఒక అంకె మార్చి చేయించడం మేలు.

యూనివర్సిటీల నుంచి మాత్రం నేను ఒకటి గట్టిగా కోరుతున్నాను. ప్రాజెక్టు వైవా ఇప్పుడు చాలా చోట్ల ఒక పూటలో ముగిసిపోతోంది. బ్యాచ్‌కి నలుగురు నిలబడితే ఒక్కరు మాట్లాడతారు, మిగతావాళ్లు తలలూపుతారు, అందరికీ మార్కులు పడతాయి. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి పది నిమిషాలు మాట్లాడాలి. వాళ్ల కోడ్‌లోనే ఒక మార్పు అక్కడికక్కడే చేయించాలి. ప్రాజెక్టు మార్కుల్లో సగమైనా ఆ పది నిమిషాలకే ఉండాలి. 60 మంది ఉన్న సెక్షన్‌కి ఇది పది గంటల పని, అంటే రెండు రోజులు. ఇంకో రోజు ఎక్స్‌టర్నల్‌కి రానుపోను ఖర్చులు, భత్యం ఇవ్వాలి, టైమ్‌టేబుల్‌లో ఇంకో రోజు కేటాయించాలి. పోలిక చూసే ప్లేజరిజం సాఫ్ట్‌వేర్‌కి ఏటా డబ్బు కడుతున్న యూనివర్సిటీలు ఈ రెండో రోజుకి కూడా కట్టాలి. వచ్చే విద్యా సంవత్సరం పరీక్షల షెడ్యూలు వేసే అధికారులెవరైనా వింటుంటే, ఆ రెండో రోజు తేదీని ఇప్పుడే అందులో చేర్చమని అడుగుతున్నాను.